దేవుడి కుండ

శనివారం మధ్యాహ్నమయ్యేసరికి సువార్తమ్మ సంచీ పట్టుకుని పేటంతా తిరుగుతుంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇల్లాలు ఓ పిడికెడు బియ్యం దేవుడికని తీసి వేరే కుండలో వేస్తుంది, వారానికోసారి అవి ఏసుప్రభువు గుడికి పోతాయి. పటమట దాటాక బందరు కాలవ వెంట ఉన్న ఆ పేటలో కూడు లేని ఇల్లుందేమో గానీ ఆ కుండ లేని ఇల్లు లేదు. సువార్తమ్మ ప్రతి గడప దగ్గరా ఆగుతుంది. సంపూర్ణమ్మ ఇల్లు వచ్చేసరికి మాత్రం కొంగు సర్దుకుని అటు తిరిగి పోతుంది. ఎనిమిది నెలలుగా ఇదే వరస.

లోపల సంపూర్ణమ్మ కుండ నిండుతూనే ఉంది. నుదుట విబూది పెట్టుకున్న మనిషి దేవుడికి బియ్యం తీస్తోందంటే ఎవరు నమ్ముతారు? అందుకే ఎవరితోనూ అనలేదు.

ఒకప్పుడు గుళ్ళో పాట ఎత్తుకోవాలంటే ఆవిడే. మొగుడు లాజరు పోయాక నాట్లకీ కోతలకీ పోయి ఒక్కగానొక్క కూతుర్ని టీచరు ట్రైనింగు దాకా చదివించింది. గుళ్ళో పెట్టిన పేరు ఎలిజబెత్, బళ్ళో రాయించిన పేరు సుగుణ. డెబ్భై ఒకటిలో దివిసీమలో పంచాయితీ సమితి బడి ఉద్యోగం వచ్చింది. వచ్చింది కాదు, హిందువునని కాయితం మీద రాసిస్తేనే వచ్చింది. షెడ్యూల్డు కులం కోటా మరి, కిరస్తానమైతే ఆ కోటా వర్తించదు. మన కులం మారకపోయినా కాయితం మారాలటమ్మా, రాసినంత మాత్రాన దేవుడు పోతాడా అని సుగుణ బతిమాలింది. సంపూర్ణమ్మ వినే రకమా? మొండిఘటం. కూతురు మొదటి జీతంతో పంపిన చీరని అదే పోస్టులో తిప్పికొట్టింది.

"అబద్ధం పెట్టే కూడు నాకొద్దు. నా గడప తొక్కొద్దు," అని కబురు చేసింది.

సుగుణదీ ఆ రక్తమే. తొక్కలేదు. పెళ్ళయిందట, మిల్లు మూతపడి మొగుడు ఇంట్లోనే ఉంటున్నాడట, ఆడపిల్ల పుట్టిందట. తల్లికి తెలిసినవన్నీ ఆ 'అట'లే. అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఆవిడకి లేకపోలేదు, నోరు రాలేదు.

అలా రెండేళ్ళు పోయాక ఓ శుక్రవారం తలారి హనుమయ్య వచ్చాడు. సుగుణ కిరస్తానమేనని తాసిల్దారు ఆఫీసులో ఆకాశరామన్న అర్జీ పడిందనీ, వచ్చేవారం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణకి వస్తున్నాడనీ, తల్లి గుడికి పోయే మనిషని తేలితే కూతురి ఉద్యోగం ఊడుతుందనీ చెప్పాడు. ముందుగా చెప్పానని ఎక్కడా అనకమ్మా అన్నాడు. నువ్వూ అనకు, నా కూతురితో అసలే అనకు అని ఆవిడ చేతిలో చెయ్యి వేయించుకుంది. సుగుణకి కడుపులో మాట దాగదు. తెలిసిందంటే ఆ పూటే రాజీనామా రాసిచ్చేస్తుంది. దాని జీతం మీద మూడు పొట్టలున్నాయి.

పాస్టరు ఆమోసు అయ్యగారు ప్రాణం పోయినా అబద్ధమాడరు. ఆయన్ని అబద్ధమాడమని ఆవిడ అడగలేదు. ఆయన చెప్పే నిజాన్నే మార్చేసింది. ఆదివారం జనమంతా గుళ్ళోకి పోతున్నప్పుడు, నుదుటి నిండా విబూది పూసుకుని, కొబ్బరికాయ చేత పట్టుకుని, వాళ్ళందరి ఎదురుగా నడుచుకుంటూ పోలేరమ్మ దగ్గరికి పోయింది. వెనకాల పాట మొదలైంది. ఎత్తుకునేవాళ్ళు సరిగ్గా లేక శ్రుతి తప్పింది. ఆవిడ గొంతు దాకా వచ్చిన పాటని మింగేసి కాయ కొట్టింది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఈవిడ మీ మనిషేనా అని అయ్యగారిని అడిగాడు.

"ఒకప్పుడండీ. ఇప్పుడు కాదు," అన్నారాయన నేల చూస్తూ.

ఇన్‌స్పెక్టరు రాసుకుని ఇల్లు కలియజూశాడు. ఆ కుండేమిటన్నాడు. పోలేరమ్మ బియ్యమండీ అంది సంపూర్ణమ్మ. విబూది పూసుకున్నప్పుడు కూడా అంత బాధ కలగలేదు ఆవిడకి.

సాయంత్రం అయ్యగారు మళ్ళీ వచ్చి, ఎందుకమ్మా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. రిజిస్టర్లో పేరు కొట్టెయ్యక తప్పదన్నారు. లాజరు సమాధి పక్కన ఆవిడకని వదిలిన చోటు ఇక ఉండదన్నారు. సరేనండీ అంది. అంతకంటే ఏమంటుంది?

కూతురి ఉద్యోగం నిలబడింది. పేటలో ఆవిడని పలకరించేవాళ్ళు లేకుండా పోయారు. పోలేరమ్మ వైపు వాళ్ళకి ఈవిడ కొత్త, గుడి వైపు వాళ్ళకి ద్రోహి. ఆదివారాలు తలుపేసుకుని పెదాలు మాత్రం కదుపుతూ పాడుకునేది. విబూది చెరపడానికి లేదు, అర్జీ పెట్టినవాడు ఈ పేటలోనే ఉన్నాడో ఏమో.

ఎండాకాలం కాలవ కట్టేశారు, పనుల్లేవు. రెండ్రోజులుగా గింజ లేక పొయ్యి రాజెయ్యలేదు. మిట్టమధ్యాహ్నం బస్సు దిగి సుగుణ వచ్చింది. గడప అవతలే నిలబడి తల్లి నుదురు చూసింది.

"నేను కాయితం మీద రాస్తే గడప తొక్కొద్దన్నావు. నువ్వు మొహం మీదే రాసుకున్నావేమ్మా," అంది.

మూడేళ్ళకి చూసింది కూతుర్ని. చిక్కిపోయింది. ముందు అన్నం తిను, తర్వాత తిట్టుదువు గాని అంది సంపూర్ణమ్మ. సుగుణ చెప్పులు విడిచి లోపలికొచ్చింది. పాపని తీసుకురాలేదు. దాని పేరేమిటని తల్లి అడిగితే ఎస్తేరని ముక్తసరిగా చెప్పింది.

ఇంట్లో ఉన్నది దేవుడి కుండ ఒక్కటే. సంపూర్ణమ్మ క్షణం తటపటాయించింది. తర్వాత చేటలోకి వొంపేసింది. పాత బియ్యంలో పురుగులేరి, ఓ దోసెడు కడిగి వండి, పచ్చిమిరపకాయ పచ్చడి నూరి వడ్డించింది.

కంచం ముందు కూర్చున్న సుగుణ, చిన్నప్పటి అలవాటు కొద్దీ, తల వంచి కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. సంపూర్ణమ్మ గుండె పొంగిపోయింది. పిల్ల దేవుణ్ణి వదల్లేదు. కాయితం కాయితమే, లోపల అంతా అలాగే ఉంది. అంతలోనే తలుపు బార్లా తెరిచి ఉందని గుర్తొచ్చింది. వీధిలో ఎవరో నడుస్తున్న అలికిడి. ఎవరైనా చూస్తే? ఒక్క ఉదుటున లేచి తలుపు దభాలున వేసేసింది.

ఆ చప్పుడికి సుగుణ కళ్ళు తెరిచింది. తలుపుకి వీపు ఆనించి నిలబడ్డ తల్లిని చూసింది, మళ్ళీ ఆ విబూదిని చూసింది.

"నేను ప్రార్థన చేసుకుంటే చూడలేకపోతున్నావా?"

చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. పాప ఎస్తేరు మొహం ఎలా ఉంటుందో తెలియదు గానీ, ఆ పిల్ల ఆకలి ఎలా ఉంటుందో ఆవిడకి బాగా తెలుసు.

"గాలికి పడిందే. తిను," అంది.

సుగుణ నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. ఇంక రానమ్మా అంది, కోపం కూడా లేకుండా. కాలవ గట్టు మీద ఎండలో నడిచిపోయింది. సంపూర్ణమ్మ తలుపు సందులోంచి బస్సు వచ్చేదాకా చూసింది.

తర్వాత కూతురు వదిలిన కంచం ముందు కూర్చుంది. తల వంచి, కళ్ళు మూసుకుని, గొంతు పైకి రాకుండా ప్రార్థన చేసుకుంది. ఆ నాలుగు మెతుకులూ తినేసి లేచి, చేటలో మిగిలిన బియ్యంలోంచి ఓ పిడికెడు తీసి ఖాళీ కుండలో వేసింది.