మోకాళ్ళ అతుకులు

ఫొటో దుకాణంలో మోకాళ్ళాయన నేల మీదికి దిగేసరికి, అంతవరకూ పైకప్పు ఎగిరిపోయేలా ఏడుస్తున్న పిల్లవాడు టక్కున నోరు మూశాడు. నెరిసిన తలవాళ్ళు నేల మీద పాకడం వాడు అదే మొదటిసారి చూడటం కాబోలు. ఆయన ముందు కుడి మోకాలు ఆనించాడు, తర్వాత ఎడమది, ఆ తర్వాత "అమ్మయ్య" అనుకున్నాడు. కెమెరాను పిల్లవాడి ముందు పెట్టాడు. వాడు దాన్ని తట్టాడు, గీకాడు, నాకబోయాడు. ఆయన చూస్తూ కూర్చున్నాడు.

"నవ్వమని చెప్పమంటారా అండీ?" అంది వాళ్ళమ్మ.

"వద్దమ్మా. నవ్వమంటే పళ్ళు కనిపిస్తాయి గానీ నవ్వు కనిపించదు. మీరలా కుర్చీలో కూర్చోండి, మా పనేదో మేం చూసుకుంటాం."

లేచి ట్యూబులైటు ఆర్పేశాడు. కిటికీ రెక్క బార్లా తీసి, వెలుగు పిల్లవాడి చెంప మీద పడేలా చాపను పక్కకు లాగాడు. వాడి నెత్తిన కొమ్ములా మొలిచినట్టున్న గోడ కొక్కేన్ని చూసి, చాపను ఇంకో జానెడు జరిపాడు. మళ్ళీ మోకాళ్ళ మీదికి దిగి, రహస్యం అడుగుతున్నట్టు గొంతు తగ్గించాడు.

"మీ ఇంట్లో గురక పెట్టేదెవర్రా?"

పిల్లవాడు చాలా ఆలోచించి, గంభీరంగా వేలెత్తి వాళ్ళమ్మను చూపించాడు. ఆవిడ నోరు తెరిచింది. ఆ తెరిచిన నోరు చూసి వాడు పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడికీ పోలేదు, కెమెరాలోకి వెళ్ళి కూర్చుంది.

ఆ దుకాణం ఆయనది కాదు. బోర్డు మీద ఆయన పేరు లేదు, గోడ మీద ఆయనకొచ్చిన బహుమతులూ లేవు. గుర్తింపు కార్డులకూ, బడి దరఖాస్తులకూ ఫొటోలు తీసే జీతగాడు, అంతే. అయినా ఆ చుట్టుపక్కల సందుల్లో పెరిగిన పిల్లల బాల్యమంతా ఆయన మోకాళ్ళ ముందు నుంచే నడిచి వెళ్ళింది. ఎంత గారాలు పోయే పిల్లనైనా "మోకాళ్ళాయన దగ్గరికి తీసుకెళ్ళండి" అనేవారు. ఆయన ప్యాంట్లన్నిటికీ మోకాళ్ళ దగ్గర పాత గొడుగు గుడ్డ అతుకులుండేవి. వేసేది భార్య. సూదిలో దారం ఎక్కించిన ప్రతిసారీ ఒకటే మాట: "లోకంలో మగాళ్ళు చెప్పులు అరగదీస్తారు. మా ఆయన మోకాళ్ళు అరగదీస్తాడు."

తల్లీ పిల్లవాడూ వెళ్ళాక ఆయన తీసిన ఫొటోలు చూసుకున్నాడు. నవ్వు బ్రహ్మాండంగా వచ్చింది. కానీ కనురెప్పలు చెదిరి, అలికినట్టున్నాయి. దాని తర్వాతదీ అంతే. పోనీలే, మూడోది నిలిచింది. కొన్నాళ్ళుగా కుడిచెయ్యి వణుకుతోంది. మోచేతులు డొక్కలకు నొక్కి, ఊపిరి బిగబట్టి నెట్టుకొస్తున్నాడు గానీ ఎవరికీ చెప్పలేదు. దుకాణంలో ఆయన కాకపోతే ఇంకొకడు వస్తాడు, ఆ బెంగ లేదు. బెంగంతా ఇంట్లో ఉన్న మనవరాలి గురించే. ఈ చెయ్యి మూలబడితే దాని బాల్యాన్ని పట్టుకునేదెవరు?

ఇంట్లో ఫొటోలు తీసే ఫోన్ ఒకటుంది గానీ, అది కూతురి చేతిలో ఉంది. అదే ఆయన భయం.

సాయంత్రం ఇల్లు చేరేసరికి పెరట్లో యుద్ధం మొదలైపోయింది. అందరూ పిడుగు అని పిలుచుకునే ఆ మనవరాలు చెంబుతో నీళ్ళు తెచ్చి, వాళ్ళమ్మ చెప్పుల్లో శ్రద్ధగా పోస్తోంది. కూతురు తిట్టడం మానేసి ఫోన్ ఎత్తింది.

"పిడుగూ, ఇటు చూడు! ఇటు! నవ్వవే!"

పిడుగు చెంబు పక్కన పెట్టి, బుద్ధిగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఫొటో అంటే ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చునే ఆట అని దాని లెక్క మరి. పుట్టినప్పటి నుంచీ తాతయ్య అలాగే తీశాడు. కూతురు మాత్రం నిలబడే తీసేది. అందుకే ఆమె తీసిన ఫొటోల్లో పిడుగుకు గుమ్మడికాయంత తల ఉండేది, కాళ్ళే ఉండేవి కావు.

"లేచి నిలబడవే బాబూ! నాన్నా, ఇదంతా నీ చలవే."

"ఉండమ్మా."

ఆయన ఆమె ఫోన్ అందుకుని తడి నేల మీద బోర్లా పడుకున్నాడు. తాతయ్య పడుకుంటే పిడుగుకు ఆట అయిపోయినట్టే. నిద్రపోయాడనుకుని తన పనిలో తను పడేది. ఇప్పుడూ అంతే, చెంబు తీసుకుని రెండో చెప్పు నింపడం మొదలుపెట్టింది. నాలుక కొస బయటికొచ్చింది. ఆయన ఒకటి తీశాడు, ఇంకొకటి తీశాడు. లేచి కూర్చుని ఫోన్ కూతురి చేతిలో పెట్టాడు.

రెండూ అలుక్కుపోయాయి.

కూతురు ఫోన్ చూసింది. తర్వాత ఆయన చెయ్యి చూసింది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"అదలా ఉంచు. నువ్వు నేర్చుకోవాలి తల్లీ. కష్టమేం కాదు. పిలవకు. దానంత కిందికి దిగు. అది నిన్ను మర్చిపోయేదాకా ఆగు, అంతే."

"నాకంత ఓపిక ఎక్కడిది నాన్నా? నీకున్నదాంట్లో సగం కూడా రాలేదు నాకు."

"ఓపిక పుట్టుకతో వస్తుందటే పిచ్చిదానా? మోకాళ్ళు నొప్పెడితే వస్తుంది."

కూతురు నవ్వబోయి, నవ్వలేక ఆయన చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. రేపు పొద్దున్నే, వెలుగు మెత్తగా ఉన్నప్పుడు నేర్చుకుంటానని మాటిచ్చింది. ఆయన ముఖం చేటంత అయింది. బురదైన ప్యాంటు విడిచి భార్యకిస్తే ఆవిడ ఎప్పటి పాటే అందుకుంది. తిని, పిడుగును కాసేపు వీపు మీద మోసి, ఆయన పడుకున్నాడు.

పొద్దున ముందుగా లేపడానికి వెళ్ళింది పిడుగే. వచ్చి, "ఆట అయిపోయింది. తాతయ్య నిద్రపోయాడు" అంది. ఆయన బోర్లా పడుకుని ఉన్నాడు, ఇక లేవలేదు.

ఆ పైన ఇల్లంతా జనం. ఆయన తీసిన పిల్లలు, మీసాలొచ్చినవాళ్ళూ చంకన బిడ్డలున్నవాళ్ళూ వచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చారు. అందరూ వెళ్ళిపోయాక ఒక ఉదయం, మూలన ముద్దగా పడున్న ప్యాంటును భార్య ఉతికి తీగ మీద ఆరేసింది. ఎంత రుద్దినా బురద మరకలు పూర్తిగా పోలేదు. ఈసారి ఆవిడ ఏమీ అనలేదు.

కూతురు చెప్పులేసుకుని పనికి బయలుదేరబోతూ ఆగిపోయింది. తీగ కింద పిడుగు, ఆ ప్యాంటు ఎదురుగా, మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఎదురుచూస్తోంది. కూతురికి గొంతు దాకా పిలుపు వచ్చింది. మింగేసింది. సంచి గడప మీద పెట్టి, ఫోన్ తీసి, ఇస్త్రీ బట్టలతోనే ఆ తడి నేల మీద బోర్లా పడుకుంది. మోచేతులు డొక్కలకు నొక్కుకుంది. నాన్న ఎంత కష్టపడ్డాడో అప్పుడు తెలిసింది ఆమెకు.

పిడుగు వెనక్కి తిరిగి చూసింది. అమ్మ నిద్రపోయింది. ఇక ఆట అయిపోయినట్టే. లేచి, చెంబెడు నీళ్ళు తెచ్చుకుని, చిన్న చేత్తో ఆ మరకల్ని రుద్దడం మొదలుపెట్టింది. నాలుక కొస బయటికొచ్చింది. కూతురు ఊపిరి బిగబట్టి ఒక్కటే తీసింది.

ఫొటో ఎక్కడా చెదరలేదు. పిల్ల ముఖానికి సరిగ్గా ఎదురుగా, గొడుగు గుడ్డ అతుకులు రెండూ నీళ్ళు కారుతూ వేలాడుతున్నాయి.