పొట్టి రెక్కల వేరు కాపురం

పెట్టె మూత తీస్తే లోపల పురుగుల్ని గుచ్చిన సూదుల బెజ్జాలే కనిపించాయి. పద్దెనిమిది గొల్లభామల్లో ఒక్కటీ లేదు. పురుగుల పరిశోధకురాలు గబుక్కున మూత పెట్టేసింది. పక్కనే పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు మరి.

పొడుగు రెక్కలవి ఒక జాతి, నడుము దాకా కూడా రాని పొట్టి రెక్కలవి ఇంకో జాతి అని ముప్పై ఏళ్ళ కిందట తేల్చింది ఆయనే. రెండూ ఒకటేనని ఆమె వాదన. ఒకే గుడ్ల తిత్తిలోంచి వచ్చిన పిల్లల్ని ఎనిమిది నెలలు సీసాల్లో సాకింది. పదకొండింటికి పొడుగు రెక్కలొచ్చాయి, ఏడింటికి పొట్టివి. ఫోటోలు ఆయన నమ్మరు. "పురుగుని చూపించు, ఒప్పుకుంటాను" అన్నారు. ఆయన జాతుల పుస్తకం రేపే అచ్చుకు వెళ్తోంది.

"ఇందులోవి ఏమయ్యాయి బాబాయ్?"

పురుగుల నమూనాలు దాచే ఆ గది తాళాలు చూసుకునే మనిషిని అందరూ బీరువాల బాబాయ్ అంటారు. బాబాయ్ ముఖం వెలిగిపోయింది.

"మీరు సెలవులో ఉన్నారు కదమ్మా, ఆ కలగాపులగం చూడలేక సర్దేశాను. పొడుగువి పొడుగు సొరుగులో, పొట్టివి పొట్టి సొరుగులో. మీ చేతిరాత చీటీలు బ్రహ్మదేవుడికైనా అర్థమవుతాయా? చింపేసి, పాతవాటితో పాటు అన్నిటికీ ఒకే తీరుగా టైపు కొట్టించాను."

"ఒక్క కడుపున పుట్టినవాటిని వేరు కాపురం పెట్టించారా!"

"రెక్కలు కలవలేదు కదమ్మా!"

పెద్దసారు సొరుగులు లాగి చూసి మురిసిపోయారు. "చూశావా అమ్మాయ్, పురుగుల చదువు చదవని మనిషి కూడా తేడా పట్టేశాడు."

ఆమె పళ్ళు నూరుకుంది.

ఆయనకే జాలేసినట్టుంది. "పోనీ, నువ్వు పెంచినవి రెండు సొరుగుల్లోంచీ ఒక్కోటి తీసి చూపించు. నీ మాట మీదే అచ్చు ఆపిస్తాను."

మూడు వందల పొట్టి రెక్కలు, ముందుకాళ్ళు జోడించి, ఆమెకేసే చూస్తున్నాయి. ఏదో ఒకదాని మీద వేలు పెట్టి "ఇదిగో" అంటే చాలు. కాదనేవాడు ఈ గదిలో లేడు. వేలు ఒక సూది దాకా వెళ్ళింది కూడా.

"గుర్తుపట్టలేనండీ" అంది.

పెద్దసారు తలాడించి వెళ్ళిపోయారు. బాబాయ్ ముఖం మాడ్చుకున్నాడు. "ఏదో ఒకటి చూపించేస్తే పోయేది కదమ్మా, ఆయనకేం తెలుస్తుంది?"

"అలా చూపించేసినవి ఈ బీరువాల్లో ఎన్ని ఉన్నాయో! ఇంకో రెండెందుకు?"

సొరుగు ధడాలున మూసి పారేద్దామని చెయ్యి పెట్టింది. అలా మూస్తే ఎండిపోయిన మూడు వందల జతల మీసాలూ రాలిపోతాయి. ఈ ఉద్యోగంలో కోపం తెచ్చుకోవడానికీ వీల్లేదు. పసిబిడ్డని పడుకోబెట్టినట్టు, అంగుళం అంగుళం, లోపలికి నెట్టింది.