బాక్సుల ముందు, బాక్సుల వెనక

ఆషాఢం వచ్చిందంటే పెద్దాపురంలో ఎవరూ పెందలాడే పడుకోరు. మరిడమ్మ జాతర నెలంతా సాగుతుంది. వీధికో రోజు సంబరం. ఈ వీధివాళ్ళు అమ్మవారి గరగలు నెత్తికెత్తుకుని ఆడిస్తే, ఆ పక్క వీధివాళ్ళు పాటకచేరీ పెట్టి తామే గొప్పనిపించుకుంటారు. ఆ పౌరుషాల పుణ్యమా అని వెంకటదుర్గ ఆర్కెస్ట్రాకి ఊపిరి సలపదు.

వెంకటదుర్గ పెళ్ళికి ముందు నుంచీ స్టేజీ మీద పాడుతోంది. భర్త బుల్లబ్బాయి స్టేజీకి ఎదురుగా, జనం మధ్యలో టార్పాలిన్ కింద కూర్చుని మిక్సర్, లాప్‌టాప్ చూసుకుంటాడు. కచేరీ ఏ ఊళ్ళో అయినా మొదలు అమ్మవారి పాటతోనే. ఆ పాట రెండో చరణంలో "తల్లీ" అని ఒక్క మాట ఉంది. దాన్ని పై స్థాయికి ఎత్తి, అక్కడ నిలబెట్టాలి. ఆ ఒక్క మాట కోసం మళ్ళీ మళ్ళీ పిలిచే ఊళ్ళున్నాయి.

కిందటేడు ఆమె గొంతులో గడ్డకి ఆపరేషన్ చేశారు. గొంతు మెల్లిగా దానంతటదే దారిలో పడుతుందన్నారు డాక్టరుగారు. కాస్త బొంగురుగా ఉన్నా దారిలో పడిందనే దుర్గ నమ్మకం. ఎందుకు నమ్మదు, కచేరీ అయ్యాక కంచం ముందు కూర్చోగానే బుల్లబ్బాయి రోజూ అదే మాట అనేవాడాయె. "ఇవాళ బాగా పాడావు దుర్గా."

ఆదివారం పెద్దాపురంలో వాన పడి వెలిసింది. ఆ చలిగాలికి "తల్లీ" దగ్గర దుర్గ గొంతు పూర్తిగా ఎండిపోయింది. నోరు తెరిస్తే ఉత్త గాలి వచ్చింది. చెయ్యి పైకెత్తి, నవ్వుమొహం పెట్టి ఎలాగో గడిపేసింది. మెట్లు దిగుతుంటే జీళ్ళు అమ్మే అచ్చాయమ్మ ఎదురొచ్చింది. జాతర ఏ వీధిలో జరిగితే ఆ వీధిలో బుట్ట దింపే ముసలిది, పాట మొత్తం వినకుండా కదలదు.

"ఏం పాడావమ్మా! తల్లీ అని ఎత్తావు చూడు, ఒళ్ళు జల్లుమందనుకో," అంది.

వెటకారమేమో అని దుర్గ ముసలిదాని మొహంలోకి చూసింది. వెటకారం కాదు, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ వెనకే సంబరం కమిటీ పెద్దమనిషి వచ్చి శాలువా కప్పుతూ అదే మాట అన్నాడు. రాని గొంతు వీళ్ళకి ఎలా వినబడింది?

తన వెనక కోరస్ మైకు దగ్గర సారిక నిలబడుతుంది. సామర్లకోట పిల్ల, చర్చి క్వయర్‌లో పాడుతూ ఉంటే కీబోర్డ్ వాయించే సాల్మన్ ఈ ఏడే తీసుకొచ్చాడు. గొంతు మంచిదే. వయసులో ఉంది. ఇంకేం కావాలి అనుమానానికి?

సోమవారం నుంచి దుర్గ కళ్ళు పాట మీద లేవు, పిల్ల మీదే ఉన్నాయి. తను "తల్లీ" అనే చోట సారిక మైకు నోటికి దగ్గరగా తెచ్చుకుంటోందా? తెచ్చుకుంటోంది. కోరస్ అందుకోవాలి కాబట్టి తెచ్చుకోదూ అని ఇంకొకరైతే అనుకుందురు. దుర్గ అనుకోలేదు. టీ తాగే దగ్గర బుల్లబ్బాయి, సాల్మన్ ఏదో మాట్లాడుకుంటూ ఆమెని చూసి చప్పున ఆపేశారు. సాల్మన్ అయితే ఆమె కళ్ళల్లోకి చూడ్డమే మానేశాడు. అందరూ కలిసి నన్ను కూరలో కరివేపాకులా తీసి పారెయ్యాలని చూస్తున్నారన్న మాట, అని ఖాయం చేసేసుకుంది. ఆ రాత్రి "బాగా పాడావు దుర్గా" అన్నప్పుడు మొగుడి మొహంలోకి ఎగాదిగా చూసింది. ఆయన పులుసు కలుపుకుంటూ తలెత్తలేదు.

మంగళవారం పిఠాపురంలో కచేరీ. పొద్దుటే టీ కొట్టు కుర్రాడు "మేడంగారూ, మీ పాటేనండి, ఎవరో స్టేటస్‌లో పెట్టారు" అని ఫోన్ ముందుకి తోశాడు. పెద్దాపురం సంబరం వీడియో అది. దుర్గ చెవి దగ్గర పెట్టుకుని వింది. లేత గొంతు. తేటగా, ఎక్కడా ఆయాసం లేకుండా సాగుతోంది. "తల్లీ" అన్న చోట అలవోకగా పైకి వెళ్ళి అక్కడే నిలబడింది. ఎంత బావుంది అనుకుంది ముందు. ఆ వెంటనే కుళ్ళు పుట్టుకొచ్చింది. ఇది నా గొంతు కాదు. నాది ఎన్నటికీ కాదు. ఆ పిల్లదే.

బుధవారం ఒంటికాలి మీద లేచింది. కచేరీకి ముందు, విడిది ఇచ్చిన స్కూలు గదిలో అందరూ మేకప్ వేసుకుంటూ ఉండగా సారిక చేతిలోని మైకు లాక్కుంది.

"ఎన్నాళ్ళ నుంచి నడుపుతున్నావే ఈ భాగోతం? నీకు తిండిపెడుతున్న చోటే నా పాట కాజేస్తావా?"

సారిక బిత్తరపోయింది. "నేనేం చేశానక్కా? కోరస్ తప్ప ఒక్క ముక్క పాడితే ఒట్టండి."

"అలాగా. అయితే 'తల్లీ' అను. ఇప్పుడే, అందరి ముందూ అను."

పిల్ల ఏడుపు దిగమింగుకుని ఎత్తుకుంది. సగం దూరం బాగానే వెళ్ళింది. ఆ పైన గొంతు కీచుమని విరిగిపోయింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ అక్కడే విరిగింది. "నాకంత పైకి రాదండి," అని మొహం చున్నీలో దాచుకుంది.

దుర్గకి సిగ్గేసింది, కానీ సిగ్గు కన్నా భయం ఎక్కువేసింది. ఈ పిల్ల కాకపోతే మరెవరు? బుల్లబ్బాయి కోసం చూసింది. ఇప్పటిదాకా గుమ్మం దగ్గరున్న మనిషి, వైర్లు తడిసిపోతున్నాయంటూ వానలోకి వెళ్ళిపోయాడు.

స్టేజీ మీద పాడేవాళ్ళు పెద్ద బాక్సుల వెనక నిలబడతారు. వాళ్ళ కాళ్ళ దగ్గర ఇంకో చిన్న బాక్సు పెడతారు, తమ పాట తమకి అందులోంచి వినబడుతుంది. జనానికి ఏం వినబడుతోందో తెలియాలంటే బాక్సుల ముందుకి వెళ్ళాలి. ఇన్నేళ్ళలో దుర్గ ఎప్పుడూ వెళ్ళలేదు. పాడే మనిషికి ఆ అవసరమేముంది?

గురువారం ఉప్పాడలో బెస్తల పండగనాడు వెళ్ళింది. వైరు లేని మైకు పట్టుకుని, రెండో చరణం మొదట్లో పాడుతూనే మెట్లు దిగి, జనంలోకి నడిచింది. ఆడవాళ్ళు సంబరంగా దారిచ్చారు. "తల్లీ" దగ్గర పడుతుండగా మైకు పెదాలకి ఆనించుకునే నోరు మూసేసింది.

పాట ఆగలేదు. బాక్సుల్లోంచి ఆ లేత గొంతు పైకి లేచింది. దాంతో పాటే సన్నగా ఒక చప్పుడు వినబడింది. గలగల.

దుర్గ ఎక్కడిదక్కడే నిలబడిపోయింది. అవి గాజులు. కూతురు కడుపులో ఉన్నప్పుడు కాకినాడలో ఈ పాట రికార్డు చేయించారు. చేతుల నిండా సీమంతం గాజులు. చప్పుడొస్తుంది, తియ్యమ్మా అన్నాడు స్టూడియో ఆయన. కాన్పు అయ్యేదాకా తియ్యకూడదండి అని ఆమె మొండికేసింది. చివరికి చేతులకి తువ్వాలు చుట్టి పాడించారు. "తల్లీ" అన్నప్పుడు అలవాటుగా చెయ్యి పైకెత్తింది, తువ్వాలు జారింది.

ఇన్ని రోజులుగా తను కుళ్ళుకుంటున్నది తన గొంతు మీదే.

టార్పాలిన్ కింద బుల్లబ్బాయి ఆమెనే చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

కచేరీ అయ్యాక, వ్యాన్ దగ్గర అడిగింది. "ఎప్పట్నించి?"

ఆయన వైరు చుట్టడం ఆపాడు. "ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి. ఆ ఒక్క పాటకే దుర్గా, మిగతావి అంత పైకి ఎత్తే పని లేదుగా. జనానికి పాత రికార్డు పెట్టి, నీ కాళ్ళ దగ్గర బాక్సులోకి నీ మైకు ఇచ్చేవాణ్ణి, సాల్మన్‌కి తెలుసు. చెబితే నువ్వు పాడడం మానేస్తావని..."

"పాట సంగతి అలా ఉంచండి. అన్నం దగ్గర రోజూ బాగా పాడావన్నారు. అది ఎవరితో అన్నట్టండి? నాతోనా, దాంతోనా?"

బుల్లబ్బాయి మళ్ళీ వైరు చుట్టుకోసాగాడు. వ్యాన్‌లో సారిక కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. దుర్గ వెళ్ళి పక్కన కూర్చుంది. "నోరు పారేసుకున్నానే అమ్మాయ్. తప్పు నాది," అంది. సారిక కాస్త జరిగి చోటిచ్చింది.

శనివారం మళ్ళీ పెద్దాపురం. బయల్దేరేముందే దుర్గ మొగుడితో చెప్పేసింది. "ఇవాళ నా మైకే ఉండాలి. నా మీద ఒట్టు."

పాట మొదలైంది. మొదటి చరణంలోనే జనంలో గుసగుస. "తల్లీ" దగ్గర గొంతు పైకెళ్ళలేక బరబరమంటూ కిందకి జారింది. ఈలలు మొదలయ్యాయి.

"ఏవండోయ్, ఆపండి! దుర్గమ్మగారి గొంతు కాదిది. ఎవరిదో పెట్టి బొమ్మలాట ఆడిస్తున్నారు!" అని అరిచాడొకాయన.

"ఇది నాదేనండి," అంది దుర్గ మైకులో.

"ఆయ్, మాకు తెలీదేంటండీ ఆవిడ గొంతు!" అన్నారు ఇంకెవరో. అందరూ నవ్వారు. పోయిన ఆదివారం కళ్ళనీళ్ళు పెట్టుకున్న అచ్చాయమ్మ కూడా మూతి తిప్పుకుంది.

దుర్గకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బుల్లబ్బాయి చెయ్యి లాప్‌టాప్ మీదకి వెళ్ళింది. పెట్టెయ్యనా అన్నట్టు కళ్ళతో అడిగాడు. ఒక్క మీట నొక్కితే చాలు, ఈలలు ఆగిపోతాయి, పరువు దక్కుతుంది, వచ్చే ఏడు కచేరీలూ ఎక్కడికీ పోవు. అంతా తెలిసే ఆమె అడ్డంగా తలూపింది.

"బాక్సులు కట్టెయ్యండి," అంది.

వీధి ఒక్కసారిగా మూగబోయింది. సగం మంది విసుక్కుంటూ రంగులరాట్నం వైపు వెళ్ళిపోయారు. దుర్గ స్టేజీ దిగి, అచ్చాయమ్మ జీళ్ళ బుట్ట దగ్గరికి వెళ్ళి, ఉత్త గొంతుతో మళ్ళీ మొదటి నుంచి పాడింది. సారిక కూడా దిగొచ్చి పక్కన నిలబడి కోరస్ అందుకుంది. ముసలిది చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకి వంగింది. "తల్లీ" వచ్చింది, కిందనే ఉండిపోయింది.

"ఓసినీ, నువ్వేనే!" అంది అచ్చాయమ్మ, ఆమె గెడ్డం పుచ్చుకుని. "ఎప్పుడయ్యావే ఇంత ముసలిదానివి, నాలాగ?"

దుర్గ పాట మధ్యలోనే ఫక్కున నవ్వేసింది. నవ్వుతో పాటు కళ్ళనీళ్ళూ వచ్చాయి. తుడుచుకుని చరణం ముగించింది. విన్నవాళ్ళు గుప్పెడు మంది. చప్పట్లు కూడా అంతంత మాత్రమే.

ఇంటికెళ్ళాక కంచాల ముందు కూర్చున్నారు. బుల్లబ్బాయి పులుసు కలుపుకుంటూ తలెత్తాడు.

"ఇవాళ తల్లీ దగ్గర గొంతు పోయింది దుర్గా," అన్నాడు.

ఏడాదిగా ఆయన చెప్పిన మాటల్లో దుర్గ నమ్మగలిగింది అదొక్కటే. "పోయిందండి," అని, ఆయన కంచంలో ఇంకాస్త పులుసు వేసింది.