ట్యాగ్ వద్దన్న పిల్ల

రమామణి పొద్దున్నే కాలేజీ లైబ్రరీకి రాగానే చేసే మొదటి పని, తలుపు పక్కనున్న రిటర్న్ పెట్టె తెరిచి పుస్తకాలు బయటికి తియ్యడం. కివీల దేశంలోని ఈ న్యూ లిన్‌లో వాన ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి సగం అట్టలు తడిసే ఉంటాయి. వాటిని పాతగుడ్డతో తుడిచి హీటర్ పక్కన నిలబెడుతుంది. పుస్తకాలతో పాటు అప్పుడప్పుడు అరటితొక్కలూ వస్తాయి. కాకినాడ డిగ్రీ కాలేజీలో బీరువా తాళాలు బొడ్లో దోపుకుని, లెక్చరర్లని కూడా గద్దించిన మనిషి. ఇక్కడ అరటితొక్క చెత్తబుట్టలో వేసేటప్పుడు ఎవరూ చూడకుండా ఒకసారి మూతి తిప్పుకుంటుంది. ఆ తర్వాత మామూలే.

రెండో పని లైబ్రరీ ఫేస్‌బుక్ పేజీ. అసలు ఉద్యోగం అదేనని రమామణికి చేరిన నెలలోనే అర్థమైంది. రైల్వే స్టేషన్ ఎదురుగా, కింద దుకాణాలు, పైన రెండు అంతస్తుల్లో నడిచే ప్రైవేటు కాలేజీ అది. పిల్లలంతా ఇండియా నుంచి డిప్లొమాల కోసం వచ్చినవాళ్ళే. వాళ్ళు పుస్తకం తీసుకున్నా తీసుకోకపోయినా యాజమాన్యానికి పట్టింపు లేదు. పేజీని ఎంతమంది చూశారు, ఎంతమంది లైక్ కొట్టారు అన్నది మాత్రం ప్రతి మీటింగులోనూ అడిగేవారు.

"ఎంగేజ్‌మెంట్ పెరగాలి రమా" అనేది లైబ్రరీ మేనేజర్ అలిసన్. మంచి మనిషే. పుట్టినరోజులకి తనే కేకు చేసి తెచ్చేది. కానీ రమామణిది ఆర్నెల్ల కాంట్రాక్టు. దాన్ని పర్మనెంట్ చెయ్యాలంటే పైవాళ్ళకి చూపించడానికి అలిసన్ చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

ఇంట్లో ఆ మాట చెబితే రమామణి భర్త గిరిధర్ నవ్వాడు. "ఎవరికే ఎంగేజ్‌మెంటు? భోజనాలున్నాయా?" అన్నాడు.

"నవ్వండి, నవ్వండి. ఈ ఉద్యోగం ఊడితే మళ్ళీ సూపర్‌మార్కెట్‌లో కూరగాయలు సర్దేది నేనే కదా" అంది రమామణి.

ఆ పేజీలో ఫొటోలు అన్ని పేజీల్లో లాంటివి కావు. ఫొటోలో ఎవరినైనా ట్యాగ్ చేస్తే ఆ మనిషి ఇక నిలబడ్డచోట నిలబడడు. ఆ వేళకి తను నిజంగా ఎక్కడుంటే అక్కడ, ఏం చేస్తుంటే అదే, ఫొటోలోనూ చేస్తుంటాడు. ట్యాగ్ లేనివాళ్ళు మాత్రం ఫొటో తీసిననాడు ఎలా ఉన్నారో అలాగే ఉండిపోతారు. ట్యాగ్ ఉన్నవాళ్ళవైనా కదలడమే గానీ మాటలు వినపడవు. దీన్ని ఎవరూ వింత అనుకోలేదు. హెల్త్‌కేర్ కోర్సు చదువుతూ వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీలు చేసే యేసుదానం నిద్ర లేచాడో లేదో ఫొటోలో చూసుకున్నాకే అతని భార్య ప్రేమజ్యోతి గుంటూరు నుంచి ఫోన్ చేసేది. రమామణి కూడా, "దుప్పటి ముసుగేసుకుంటే కనపడవనుకున్నావా? ఆ అనాటమీ పుస్తకం గడువు దాటిపోయింది, తెచ్చివ్వు" అని అతనికి మెసేజ్ పెట్టేది. ఎవరికైనా ఫిర్యాదంటూ ఉంటే, ఫోన్‌లో డేటా త్వరగా అయిపోతోందన్నదొక్కటే.

పరీక్షలు దగ్గరపడుతున్న రోజుల్లో, గ్రూప్ స్టడీ ఫొటో తీస్తుండగా కావ్యశ్రీ మెల్లిగా కౌంటర్ దగ్గరికొచ్చింది. జనగామ దగ్గరి పిల్ల. బిజినెస్ డిప్లొమా ఆఖరి సెమిస్టర్. అది గట్టెక్కితే ఉద్యోగం వెతుక్కునే వీసా వస్తుంది.

"ఆంటీ, ఫొటోల కూసుంట గానీ నన్ను ట్యాగ్ చెయ్యకుండ్రి" అంది.

"ఎందుకని?"

"మీకు ఎర్కే గదా."

తెలుసు. స్టూడెంట్ వీసా మీద వారానికి ఇరవై గంటలకి మించి పని చెయ్యకూడదు. కావ్యశ్రీ ఈశ్వరరావు గారి డెయిరీలో అంతకు రెట్టింపు చేస్తోంది, క్లాసులు ఎగ్గొట్టి మరీ. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, పాలూ బ్రెడ్డూ సిగరెట్లూ అమ్మే వీధి చివరి కొట్టు. రమామణి కరివేపాకు కొనేది అక్కడే. పాల డబ్బాల ట్రేలు ఎత్తుతూ ఆ పిల్ల కనిపిస్తే పలకరించి, బయటికొచ్చాక చూడనట్టే మర్చిపోయేది. ఊళ్ళో తెలుగువాళ్ళందరూ అంతే. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అదొక మర్యాద.

"చెయ్యనులే. నామీద నమ్మకం లేదా?" అంది రమామణి. కావ్యశ్రీ వెళ్ళి కిటికీ పక్కన కూర్చుని, పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని నవ్వింది. ఫొటో పడింది.

రెండు రోజులకి పేజీకి ఒక మెసేజ్ వచ్చింది. తెలుగులోనే ఉంది.

"అమ్మా నమస్తే. నేను కావ్యశ్రీ అమ్మను, వెంకటలక్ష్మిని. ఫొటోల పిల్లలందరు కదులుతున్నరు. మా పిల్ల ఒక్కతే బొమ్మ లెక్క కూసున్నది. ఫోన్ చేస్తే బిజీ ఉన్న అంటది. పానం బాగలేదా ఏంది అని గుబులైతున్నది. జర దాన్ని గూడ కదిలేటట్టు చెయ్యి తల్లీ. ఒక్కపారి కండ్లార జూసుకుంట."

రమామణి కళ్ళు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, అందులో నటనేమీ లేదు. కాకపోతే అదే వారం అలిసన్ గదిలోకి పిలిచి, నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతోందనీ, పేజీ అంకెలు ఇలాగే ఉంటే తను ఏమీ చెయ్యలేననీ చెప్పింది. అలిసన్ గొంతులోనూ బాధ ఉంది. రమామణి తన మనసుని తాను అడిగి ఉంటే, ట్యాగ్ చేసింది తల్లి కోసమా, ఉద్యోగం కోసమా అన్నది తేలేది. అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం చూసుకుని చేసింది. ఆదివారం కావ్యశ్రీ ఫ్లాట్‌లోనే ఉంటుంది, తల స్నానం చేసి వంట చేసుకుంటుంది. తల్లి ఒక పూట చూసుకుంటుంది, సోమవారం పొద్దున్నే తీసేస్తే ఎవరికీ నష్టం లేదు. ఆ పిల్లకి చెప్పాలనిపించింది గానీ, చెబితే వద్దంటుంది. తల్లీబిడ్డల మధ్య మంచి చెయ్యడానికి అనుమతెందుకు అనుకుంది.

ఫొటోలో కావ్యశ్రీ పుస్తకం మూసి లేచింది. కిటికీ పక్కన తువ్వాలుతో జుట్టు తుడుచుకుంది. ఉల్లిపాయలు తరిగింది. జనగామలో వెంకటలక్ష్మి ముందు తనొక్కతే చూసింది, తర్వాత చెల్లెలిని పిలిచింది, తర్వాత వాడకట్టంతా వచ్చింది. మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. ఒకరు లైక్ కొడితే ఇంకొకరు కొట్టకపోతే నిష్టూరం. పిన్నమ్మలూ మేనత్తలూ వరంగల్ బావలూ దుబాయ్ మేనమామా అందరూ లైక్ కొట్టి, షేర్ చేసి, దణ్ణాలూ పువ్వులూ పెట్టి, ఒకరినొకరు కామెంట్లలో పిలుచుకున్నారు. "మస్తుగున్నది బిడ్డ", "బక్కగైంది", "ఏం కూర?" అంటూ రాసుకుంటూ పోయారు.

సోమవారం పొద్దున్న రమామణి ట్యాగ్ తీసేద్దామని కంప్యూటర్ ముందు కూర్చోగానే అలిసన్ చేతిలో మఫిన్‌తో వచ్చి నిలబడింది. "రమా, ఏం చేశావు? కాలేజీ చరిత్రలో ఇంతమంది మన పేజీ చూడలేదు. దీన్ని మాత్రం ముట్టుకోకు. పైవాళ్ళకి చూపిస్తాను."

"సాయంత్రం తీసేస్తే..."

"తియ్యడమా? ఎందుకు?"

ఎందుకో చెప్పాలంటే ఈశ్వరరావు గారి డెయిరీ దాకా చెప్పాలి. రమామణి మఫిన్ తీసుకుంది. సాయంత్రం తీద్దాంలే అనుకుంది. సాయంత్రం అలిసన్ ఇంకా కూర్చునే ఉంది. రేపు తీద్దాంలే అనుకుంది.

మంగళవారం, అకౌంటింగ్ క్లాసులో ఉండాల్సిన వేళ, ఫొటోలో కావ్యశ్రీ, పేజీ తెరిచే తీరిక లేక ట్యాగ్ సంగతే తెలియక, ఆకుపచ్చ ఏప్రాన్ కట్టుకుని పాల ట్రేలు మోసింది. నేల తుడిచింది. ఎవరో పడేసిన ఐస్‌క్రీమ్‌ని మోకాళ్ళ మీద కూర్చుని గీకింది. జనగామలో వాడకట్టు మళ్ళీ గుమిగూడింది. ఆఫీసులో పనిచేస్తున్నానని చెప్పిన పిల్ల అలా కనిపిస్తే ఎవరూ ఏమీ రాయలేదు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఇళ్ళకి పోయారు. కాలేజీలో హాజరు చూసే ఆయన కూడా పేజీ చూశాడు, సిబ్బందంతా రోజూ చూడాలని అలిసనే అందరికీ చెప్పింది మరి. ఆయనకి కావ్యశ్రీ మీద కోపమేమీ లేదు. తన పని తను చేశాడు.

ఆ వారంలోనే కావ్యశ్రీ పేరు కోర్సులోంచి తీసేశారు. వీసా ఆఫీసుకి తెలియజేశారు.

ఆ పిల్ల లైబ్రరీకి వచ్చింది. అరుస్తుందనీ ఏడుస్తుందనీ రమామణి సిద్ధపడి ఉంది. ఆ పిల్ల తీసుకున్న పుస్తకాలు కౌంటర్ మీద పెట్టింది.

"ఎందుకు చేసిన్రు ఆంటీ?"

"మీ అమ్మ అడిగింది కావ్యా. ఆవిడ బెంగ చూడలేక..."

"మా అమ్మ అడిగితె నాకు ఒక్క మాట చెప్పొద్దా?"

"సోమవారం తీసేద్దామనే అనుకున్నాను. ఇదిగో, ఇప్పుడే తీసేస్తాను."

"తీసుడు నాకూ వస్తది" అంది కావ్యశ్రీ. జేబులోంచి ఫోన్ తీసి ఫొటో తెరిచింది. దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. కిటికీ అద్దంలో, ఫొటో తీస్తున్న రమామణి నీడ సన్నగా పడి ఉంది. అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. కావ్యశ్రీ ఆ నీడ మీద వేలు పెట్టి, రమామణి పేరు కొట్టింది. తర్వాత తన ట్యాగ్ తను తీసేసుకుంది. ఫొటోలో మళ్ళీ బొమ్మలా కూర్చుంది, పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, నవ్వుతూ.

"పోయొస్త ఆంటీ" అని వెళ్ళిపోయింది.

ఇంటికి మాత్రం పోలేదు. ఫ్లాట్‌లో పిల్లల్ని అడిగితే సంచీ తీసుకుని దక్షిణానికి బస్సెక్కిందన్నారు. కివీపండ్ల తోటల్లో ఉందని ఒకరు, ద్రాక్షతోటల్లో ఉందని ఒకరు. ఫోన్ పలకలేదు. వీసా లేని మనిషి ఎక్కడున్నదీ తెలిసినవాళ్ళు చెప్పరు, తెలియనివాళ్ళు ఊహిస్తారు. ఈశ్వరరావు గారు మరుసటి వారమే ఇంకో పిల్లని పెట్టుకున్నారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

రమామణి ఉద్యోగం పర్మనెంట్ అయింది.

ఫొటోలో అద్దం మీది నీడ ఇప్పుడు నిజం మనిషిలా కదులుతోంది. తడి అట్టలు తుడుస్తోంది, అరటితొక్క తీస్తోంది, మూతి తిప్పుకుంటోంది. తన ట్యాగ్ తీసేసుకోనా అని అలిసన్‌ని అడిగింది రమామణి. "లైబ్రేరియన్ కనిపిస్తుంటే జనానికి ఎంత నచ్చుతోందో చూశావా? నువ్వే మన పేజీకి ముఖం" అంది అలిసన్. తీసేస్తే ఉద్యోగం పోయేది కాదేమో. కానీ ఆ మాట గట్టిగా అని చూసేంత ధైర్యం రమామణికి లేదు.

"నువ్వు పప్పులో తాలింపు వేస్తుంటే మా ఆఫీసులో చూస్తున్నారే" అన్నాడు గిరిధర్. ఈసారి నవ్వలేదు.

లోకమంతా చూసినా రమామణికి పెద్దగా పట్టలేదు. ఒక్క మనిషి చూస్తుందే, అది పట్టేది. జనగామలో వెంకటలక్ష్మి పొద్దున లేస్తూనే ఆ ఫొటో తెరుస్తుందని ఆమెకి తెలుసు. బిడ్డ కదలదు. బిడ్డ పక్కన అద్దంలో కదిలే మనిషి ఈమె ఒక్కతే. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ రమామణి తల పైకెత్తి, ఎటు చూడాలో తెలియక గోడవైపు చూసి, "నన్ను క్షమించమ్మా" అంది. ఫొటోకి మాట లేదు. ముద్ద నోట్లో పెట్టుకుని ఏదో గొణిగినట్టు మాత్రం కనిపించి ఉంటుంది.

మర్నాడు అలిసన్ ఫోన్ పట్టుకుని వచ్చింది. "రమా, ఈవిడ మీ భాషలో రోజూ ఒకే మాట రాస్తోంది. పాపం, ఎవరూ జవాబివ్వలేదు. ఏమంటోంది?"

రమామణి ఫోన్ అందుకుని చదివింది.

"అమ్మా, మా పిల్ల కదులుతలేదు. ఏడ ఉన్నది? నీకు ఎర్కుంటె జర చెప్పు."

చెప్పొచ్చు. చెబితే అలిసన్ కూర్చుని మొత్తం వింటుంది. కేకు చేసి తెచ్చే మనిషి, వినకుండా ఉండదు. అప్పుడు మాటిచ్చిందెవరు, తప్పిందెవరు, సోమవారం మఫిన్ తిన్నదెవరు, అన్నీ చెప్పాలి.

"లైబ్రరీ చాలా బాగుందంటోంది" అంది రమామణి. అని, నమ్మించడానికి నవ్వింది.

"ఎంత మంచావిడ!" అని అలిసన్ ఆ కామెంట్ కింద ఒక గుండె బొమ్మ పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది.

రమామణి తడి పుస్తకాల దగ్గరికి వెళ్ళబోతుంటే కౌంటర్ మీద తన ఫోన్ మోగింది. పేజీకి వెంకటలక్ష్మి మళ్ళీ రాసింది.

"సూసిన తల్లీ. నేను రాసింది సదివి నవ్వినవు. అంటే మా పిల్ల మంచిగనే ఉన్నట్టు. గంతే సాలు, ఇగ అడగ."

ఆ తర్వాత ఆమె మళ్ళీ ఎవరినీ అడగలేదు.