ఐలమ్మకు నేర్పిన ఒక్క పాఠం

బిందు బోర్డు మీది అక్షరాలన్నీ ఒక్కటి పొల్లుపోకుండా చదివేసింది. వచ్చిన తంటా అంతా అదే.

చూపు సరిగా లేని పిల్ల. దివ్యాంగుల సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు తీసుకుపోతే, పైన ఉన్న పెద్దక్షరం మొదలుకొని కింద చీమలబారులాంటి వరుసదాకా గడగడా అప్పజెప్పింది. వెనకాల బారెడు వరుస నిలబడి ఉంది. డాక్టరు ఇంకో నాలుగు ముక్కలు అడిగి, కాగితం మీద ఇరవై శాతం అని రాసి పంపించాడు. కావలసింది నలభై. తాత బక్కయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "శెబ్బాష్ బిడ్డా, పాసైనవ్!" అని మనవరాలి భుజం తట్టాడు. శామీర్‌పేటలో ఇంటిదాకా మోపెడ్ మీద ఈలవేసుకుంటూ వచ్చాడు. పరీక్ష అన్నాక పాస్ కావాలి, పాసయితేనే సర్టిఫికెట్ ఇస్తారు. అరవై రెండేళ్లు బతికిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇస్తానన్నాడు పాపం, పుచ్చుకునేవాడే చేతులు వెనక్కి దాచుకున్నాడు.

మూడోరోజు సరళ టీచరు ఇంటికి వచ్చింది. మండలంలోని బళ్లు తిరుగుతూ చూపో వినికిడో నడకో మాటో తక్కువైన పిల్లలకు చదువు చెప్పే మనిషి ఆమె. బిందు చూపు సంగతి మొదట కనిపెట్టింది కూడా ఆమే. నల్లబల్ల మీదినుంచి ఒక్క ముక్క ఎక్కించుకోని పిల్ల, పక్కన కూర్చున్న పిల్ల చదువుతుంటే విని పేజీలు పేజీలు రాయడం చూసి అనుమానపడింది. బిందుకు చూపు నడుమ మసక. అంచుల్లోంచి మనిషి కనిపిస్తాడు, మొహం కనిపించదు. పుస్తకం కనిపిస్తుంది, అక్షరం కనిపించదు. నడుస్తుంది, పరుగెత్తుతుంది, చేపలు తోముతుంది. ఇక ఇంట్లో వాళ్లకు మాత్రం ఏం తెలుస్తుంది? తండ్రి పరమేష్ జీడిమెట్లలో మందుల కంపెనీలో షిఫ్టులు చేసి వచ్చి పడుకుంటాడు. పిల్ల బాగోగులన్నీ తాతవే.

టీచరు గడప దాటగానే ఆగిపోయింది. మల్లన్న దేవుడి క్యాలెండర్ పక్కన, గోడకు మేకు కొట్టి, కంటి దవాఖానలో చదివించే అక్షరాల బోర్డు వేలాడుతోంది.

"ఇదెక్కడిది పెద్దాయనా?"

"కొంపల్లిల కండ్లద్దాల దుకాణం ధర్మేందర్ లేడా? ఐతారం ఐతారం నా దగ్గరనే కొర్రమట్ట చేపలు కొంటడు. పాతది పడి ఉంటే అడిగి తెచ్చిన," బక్కయ్య ఛాతీ రెండంగుళాలు పొంగింది. "పదిహేను దినాలు నేర్పిన మేడం. పొద్దుగాల ఓసారి, మాపటికి ఓసారి. కిందికెల్లి మీదికి అడిగినా చెప్తది. అడుగుండ్రి కావాల్నంటే."

టీచరు నుదురు కొట్టుకుని అక్కడే ఉన్న పీట మీద కూలబడింది.

"అయ్యో పెద్దాయనా! కొరివితోని తల గోక్కున్నరు గదా! అది పాసయ్యే పరీక్ష కాదు. కనబడనిది కనబడ్తలేదని చెప్పాల్సిన పరీక్ష!"

బక్కయ్యకు అర్థం కాలేదు. ఆమె ఓపిక పట్టి మొదటినుంచీ చెప్పింది. అర్ధసంవత్సరం పరీక్షలో లెక్కల్లో బిందుకు తొమ్మిది మార్కులు. అవే ప్రశ్నలు తను చదివి అడిగితే డెబ్బై మార్కులకు జవాబులు చెప్పింది. నలభై శాతం సర్టిఫికెట్ ఉంటే, మార్చిలో పదో తరగతి పరీక్షకు గంటకు ఇరవై నిమిషాలు ఎక్కువ ఇస్తారు. ప్రశ్నలు చదివి వినిపిస్తారు. బిందు చెబుతుంటే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె కూర్చుని రాస్తుంది.

"ఎవలో జాలిపడి ఇచ్చేది కాదిది. చట్టం ఉన్నది, దాని హక్కు. కాగితం లేకుంటే అందరి లెక్కనే కూసోవాలె. ప్రశ్ననే చదవలేని పిల్ల ఏం రాస్తది చెప్పుండ్రి? మళ్ల చూడుమని దరఖాస్తు పెడ్త. జనవరి ఆఖరుకు ఫైలు పోవాలె, ఆ లోపట ఇంకొక్కటే క్యాంపు ఉన్నది. అది గూడ తప్పితే ఈ ఏడు ఇగ అంతే."

"అంటే ఏందమ్మా?" బక్కయ్య గొంతు లేచింది. "నలుగురి ముంగట నా మనుమరాలు గుడ్డిదని అనిపిచ్చుకోవాల్నా?"

అని, గతుక్కుమని ఆగిపోయాడు. అరుగు మీద చెల్లెలు ఐలమ్మ కూర్చుని వల బాగుచేస్తోంది. యాభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ నోట రానివ్వని మాట అది. ఐలమ్మ చేతులు మాత్రం ఆగలేదు. వేళ్లతో చిరుగు వెతుక్కుని ముడి వేసి, దారం పళ్లతో కొరికింది.

టీచరు వెళ్లిపోయాక బక్కయ్య మోపెడ్ కూడా తియ్యకుండా నడుచుకుంటూ చెరువు కట్ట మీదికి పోయాడు. సిటీనుంచి వచ్చిన కుర్రకారంతా కార్లు ఆపుకుని ఫొటోలు దిగుతున్నారు. ఆయన కళ్లకు అదేమీ ఆనలేదు.

ఆ రోజుల్లో ఈ కట్ట మీద ఎడ్లబండి వస్తేనే వింత. ఈ చివరినుంచి ఆ చివరిదాకా నాయిన ఆరేసిన వలలే ఉండేవి. ఎండకు కాగిన వలల వాసన, చెరువు మీదినుంచి వచ్చే చల్లగాలి, చంకలో పలక. ఎంత బాగుండేది! బక్కయ్యకు తొమ్మిదేళ్లు, ఐలమ్మకు ఏడు. ఐలమ్మ అన్న చొక్కా అంచు పట్టుకుని బడికి నడిచేది. లాగీ లాగీ ఆయన చొక్కాలన్నీ ఒక పక్క జానెడు సాగిపోయి ఉండేవి. "చొక్కాలు చింపుతున్నవా, చెల్లెను తోలుకపోతున్నవా?" అని అమ్మ ప్రతి పండక్కీ తిట్టేది.

ఐలమ్మకు అక్షరం కనిపించదని వాళ్లిద్దరికీ తెలుసు. పంతులుకు తెలియనివ్వలేదు, అంతే. సాయంత్రాలు కట్ట మీద కూర్చుని బక్కయ్య పాఠం చదివేవాడు. ఐలమ్మ వల దారం ముక్క తీసుకుని వాక్యానికొక ముడి వేసేది. వాన వచ్చింది, ఒక ముడి. చెరువు నిండింది, ఒక ముడి. కప్పలు అరిచాయి, ఇంకో ముడి. పదకొండు వాక్యాలు, పదకొండు ముళ్లు. మర్నాడు బడిలో పుస్తకం తెరిచి పట్టుకుని, దాని వెనక ముళ్లు తడుముకుంటూ, పంతులు బిడ్డ కంటే ముద్దుగా చదివేది. ఆ ఇద్దరికీ అదో ఆట. లోకాన్ని మోసం చేసేస్తున్నామని ఇంటికొచ్చేదాకా కిసకిస నవ్వుకునేవాళ్లు.

ఒకరోజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పంతులు గర్వంగా ఐలమ్మను లేపాడు. వాన పాఠం తేనె పోసినట్టు చదివింది. ఇన్‌స్పెక్టరు "భేష్!" అని దగ్గరికొచ్చి, ఆమె చేతుల్లోని పుస్తకంలో పేజీ తిప్పి, "ఇది చదువమ్మా" అన్నాడు.

ఐలమ్మ మొదటి ముడి పట్టుకుంది. "వాన వచ్చింది," అంది.

బడి గొల్లుమంది. ఇన్‌స్పెక్టరూ నవ్వాడు. పక్కనే కూర్చున్న బక్కయ్యకు ఆ రెండో పాఠం వచ్చు. మొదటి మాట చెవిలో వేసినా సరిపోయేది. వెయ్యలేదు. పంతులు బెత్తం వంక చూసి నోరు మూసుకున్నాడు. మూసుకున్నవాడు అలాగే ఉన్నా బాగుండేది. అందరితో పాటు తానూ నవ్వాడు.

మర్నాడు పంతులు నాయినను పిలిపించి, కళ్లు లేని పిల్లకు బడెందుకు, నాకు మాట వస్తుంది అన్నాడు. నాయిన చేతులు కట్టుకుని, నిజమే పంతులూ అన్నాడు. అంతే, ఐలమ్మ చదువు ఒక్క పాఠంతో ముగిసింది. అప్పటినుంచి బక్కయ్య చొక్కాలు సాగలేదు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. అరుగు మీద ఐలమ్మ, ఆమె మోకాలికి ఆనుకుని బిందు.

"ఎటు పోయినవ్ అన్నా? చాయ్ సల్లారిపాయె."

బక్కయ్య చెల్లెలి పక్కన చతికిలపడ్డాడు. చాయ్ ముట్టుకోలేదు. ఇన్నేళ్లూ గొంతులో ముల్లులా ఉన్నది ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"నీకు ఒక్క పాఠమే నేర్పిన చెల్లె. రెండోది గూడ నేర్పితే నువ్వు బడిల ఉంటుంటివి. అందుకే దీనికి బోర్డు మొత్తం నేర్పిన. ఒక్క వరుస ఇడిచిపెట్టలే."

ఐలమ్మ పకపకా నవ్వింది.

"పిచ్చోడా! పుస్తకమంత నేర్పినా గా ఇన్‌స్పెక్టరు ఇంకో పుస్తకం తెరుస్తుండె. ఎన్నని నేర్పుతవే?"

"అది గాదు. గా దినం..." బక్కయ్య వల అంచు చేతిలోకి తీసుకున్నాడు. "గా దినం నేను గూడ నవ్విన చెల్లె."

"ఎరికే," అంది ఐలమ్మ.

"ఏందీ?"

"నీ నవ్వు నాకెరుక లేదా? ముప్పై మంది నవ్విన్రు, అండ్ల నీదొక్కటి నాకు తెలవదా? గప్పటి సంది ఎరికే."

"మరి ఒక్కనాడన్న అడగకపోతివి?"

"అడిగితే ఏడుస్తవని. నువ్వు ఏడ్సుడు సురూ జేస్తే చెరువు కట్ట తెగుతది." వల పక్కన పెట్టి, చెయ్యి చాపి అన్న మొహం తడిమింది. "గిదో, అననే అంటిని."

బిందు నోరు తెరుచుకుని వింటోంది. ఈ అవ్వకు చదువు మీద ధ్యాస లేక బడి మానేసిందనే ఇంట్లో ఇన్నాళ్లూ చెప్పారు. కథ మొత్తం విన్నాక చిన్నగా అంది. "తాతా, నాకు గా బోర్డు మీద ఒక్కటి గూడ కనబడలే. నువ్వు గంత కష్టపడి నేర్పినవు గదా, చదవకపోతే బాధపడ్తవని చదివిన."

బక్కయ్య తల పట్టుకున్నాడు.

ఐలమ్మ ఆ పిల్ల జడ సవరించింది. "సూడు బిడ్డా. నాకు కనబడ్తలేదని నేను ఎవలకూ చెప్పలే. చెప్పచ్చని నాకెవలూ చెప్పలే. గిప్పుడు చట్టమే వచ్చి చెప్పు బిడ్డా అంటుంటే, నోరు మూసుకుంటవా?"

జనవరిలో రెండో క్యాంపుకు నలుగురూ కలిసి బస్సెక్కారు. రావద్దన్నా ఐలమ్మ వినలేదు. దవాఖాన వరండాలో బెంచీ మీద ఆమెను కూర్చోబెట్టి, బక్కయ్య, సరళ టీచరు పిల్లను తీసుకుని లోపలికి పోయారు. ఈసారి డాక్టరు ఆడమనిషి. గోడకు మాత్రం అదే బోర్డు. ఇది తప్పితే మార్చిలో ఆ పిల్ల చదవలేని ప్రశ్నాపత్రం ముందు కూర్చుంటుంది, ఆ తరవాత చేపల గంప ముందు.

"పైనుంచి చదువమ్మా."

బిందు తాత వైపు తిరిగింది. ఆయన మొహం ఆమెకు ఎలాగూ కనిపించదు.

"మేడం, నాకు గీ బోర్డు మొత్తం కంఠస్తం. ఏడు వరుసలు చెప్తా. కానీ కనబడ్తలేదు."

డాక్టరమ్మ కలం ఆగింది. బక్కయ్య చేతులు జోడించి ఓ అడుగు ముందుకేశాడు. "తప్పు దానిది గాదు మేడం. నేనే నేర్పిన. పాస్ కావాలె అనుకున్న."

ఆమె లేచి గోడ దగ్గరికి పోయి, బోర్డు తీసి వెనక్కి తిప్పి తగిలించింది. అటువైపు వేరే వరుసలు, తెలుగు అక్షరాలు.

"ఇది చదువమ్మా."

ఆ మాటే. యాభై మూడేళ్ల కిందటి ఆ మాటే. బోర్డు మీది అక్షరాలు బక్కయ్యకు తేటగా కనిపిస్తున్నాయి. మొదటిది నాలుక చివరికి వచ్చింది. పెదవులు బిగపట్టుకున్నాడు. బిందు కోడిపిల్లలా తల ఓ పక్కకు వంచి చూసింది, ఇంకో పక్కకు వంచి చూసింది.

"కనబడ్తలేదు," అంది.

"కింది వరుస?"

"కనబడ్తలేదు."

బక్కయ్య చెవులు రిక్కించాడు. ఏదో వస్తుందని కాచుకున్నాడు. కాగితం మీద కలం గీరుతున్న చప్పుడొక్కటే వినిపించింది. ఆ తరవాత డాక్టరమ్మ కంట్లో లైటు వేసి చూసింది, ఏదో మిషను ముందు గడ్డం ఆనించమంది, అరగంట పట్టింది. చివరికి సరళ టీచరు వైపు తిరిగి, "నలభై దాటిందండీ, మీ ఫైలు పంపుకోండి," అంది. టీచరు కళ్లు తుడుచుకుంది. బిందు ఆమె చెయ్యి పట్టుకుని, నాకు రాసిపెట్టేది తొమ్మిదో తరగతి నవ్యశ్రీయేనా మేడం, దాని రాత ముత్యాల లెక్క ఉంటదట అని అప్పుడే మొదలుపెట్టింది.

బక్కయ్య ఒక్కడే వరండాలోకి వచ్చాడు. అడుగుల చప్పుడుకే ఐలమ్మ తల ఎత్తింది.

"ఏమాయె అన్నా?"

"అయింది చెల్లె. కాగితం వస్తదట."

"పేజీ తిప్పిన్రా?"

"తిప్పిన్రు."

"ఎవలన్న నవ్విన్రా?"

"లేదు చెల్లె. రాసుకున్నరు."

ఐలమ్మ చెయ్యి గాలిలో వెతుక్కుంటూ వచ్చి ఆయన చొక్కా అంచు పట్టుకుంది. పట్టుకుని లేచి నిలబడింది.

"గప్పుడు గూడ గట్ల రాసుకుంటే అయిపోతుండె గదా అన్నా," అంది.