పెన్సిలుతో నలభై మూడు

లెక్కల టీచరమ్మ పెన్సిలు మొన చెక్కి, మూడో తరగతి జవాబు పత్రాల కట్ట మళ్ళీ విప్పింది. ముప్పై ఏళ్ళుగా ఆమెది ఒకటే పద్ధతి. ముందు పెన్సిలు మార్కు, మధ్యాహ్నం తిన్నాక సరిచూసి ఎర్ర సిరా. ఆమె సిరా పెట్టాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదని తోటి టీచర్లు ఆటపట్టించేవారు.

నిన్న సిరా పెట్టిన ఒక పత్రం రాత్రంతా మనసులో ముల్లులా గుచ్చుకుంది. పిల్లలంతా నత్త అని పిలిచే పిల్లది. ఎనిమిది లెక్కలకు జవాబులు సరైనవే, స్టెప్పులు లేవు. కాపీ అనుకుని కొట్టేసింది. ఇరవై ఏడు వచ్చాయి. పాసవ్వాలంటే ముప్పై అయిదు కావాలి.

నత్తను పిలిచింది.

"యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది తీస్తే పధ్నాలుగని ఎలా వచ్చిందే?"

పిల్ల కళ్ళు మూసుకుంది. "ముప్పై ఎనిమిది దగ్గర నించుంటా టీచర్. రెండడుగులేస్తే నలభై. అక్కణ్ణుంచి పన్నెండు. అంతే."

టీచరమ్మ సుద్దముక్కలు పట్టి పగిలిన వేళ్ళతో పత్రాన్ని దగ్గరికి లాక్కుంది. చిన్నప్పుడు తమ్ముడూ ఇలాగే కళ్ళు మూసుకుని జవాబు చెప్పేవాడు. దొంగ లెక్క అని వాణ్ణి స్కేలుతో కొట్టింది తనే. వాడు చదువు మానేసి టైల్స్ పనిలో చేరాడు. గదిని ఒక్క చూపు చూసి ఎన్ని బిళ్ళలు పడతాయో చెప్పేస్తాడు, ఒకటి మిగలదు, ఒకటి తగ్గదు. ఎంతమంది సరైన జవాబుల మీద గీతలు కొట్టిందో తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"నేను మళ్ళీ మూడోదేనా టీచర్?"

"కాదులేవే. నాలుగోదే. పోయి ఆడుకో."

అలవాటు ప్రకారం ఇరవై ఏడు పక్కన పెన్సిలుతో నలభై మూడు వేసింది.

"పాసైనవాళ్ళ లిస్టు మూడింటికల్లా కావాలమ్మా," అన్నాడు హెడ్మాస్టరు.

"తినేసి సిరా పెట్టేస్తాను సార్."

రెండు ముద్దలు తిని, ఆయాసంగా ఉందంటూ బల్ల మీద తల వాల్చింది. గిన్నె కడగనా అని ఆయా అడిగితే పలకలేదు.

మర్నాడు శ్మశానం నుంచి తిరిగొచ్చి, హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకుంటూ లిస్టు తానే రాశాడు. పెన్సిలంటే ఆవిడింకా తేల్చని మార్కని ఆయనకు తెలుసు. ఆవిడ మాట దాటకూడదని సిరా అంకెలే ఎక్కించాడు.

సెలవుల తర్వాత నత్త నాలుగో తరగతి వరుసలో నిలబడింది. పేరు లేదని వెనక్కి పంపారు. "టీచర్ నాలుగోదే అంది," అని ఒక్కసారి చెప్పింది. మళ్ళీ చెప్పలేదు.

తాళం వేసిన బీరువాలో, కట్ట మధ్య, ఆ పత్రం మీద నలభై మూడు చెయ్యి తగిలితే చెరిగిపోయేంత పలచగా ఉంది.