పిడికిలి విప్పితే పుట్టిన మాట

నేను ఒక మాటను. నోరు తిరిగితే అనండి: అకటలెప్సియా. పుట్టిల్లు గ్రీకు. కటలెప్సిస్ అంటే పట్టుకోవడం. ముందున్న 'అ' మీ అన్యాయంలోని 'అ' లాంటిదే. వెరసి, పట్టుకు దొరకకపోవడం. ఏదీ ఇదే నిజమని ఖాయంగా తెలుసుకోలేమనే వాదానికి నేను పేరును.

నేను పుట్టింది పోట్లాటలో. స్టోయిక్కులనే పండితులు అరచెయ్యి చాపి, వేళ్ళు ముడిచి, పిడికిలి బిగించి, నిజం ఇలా చేతికి చిక్కుతుందనేవారు. అచ్చం నిజంలాగే ఉండే అబద్ధం ఎదురైతే తేడా ఎలా తెలుస్తుందని ఎదుటి బడివాళ్ళు ఆ పిడికిలి విప్పించారు. విప్పిన ఆ చేతిలో పుట్టాను. తొందరపడి తీర్పు చెప్పకండి అనడమే నా పని. అంతే. తేనె నాలుకకు తియ్యగా తోస్తుందని మావాళ్ళూ ఒప్పుకున్నారు. గొయ్యి కనబడితే పక్కకు తప్పుకున్నారు.

అలాంటి నేను పుస్తకాల వెంట తిరిగి తిరిగి, కాకినాడలో తత్వశాస్త్రం చెప్పే కామేశం మాస్టారి నోట పడ్డాను. ఆయన నన్ను రైళ్ళలో, పెళ్ళి పందిళ్ళలో ఎక్కడపడితే అక్కడ వాడేవాడు. భరించాను. ఆ ఆదివారం చేసింది మాత్రం భరించలేను.

ముందురోజు భోజనాల దగ్గర, పులుసులో ఉప్పు ఎక్కువైందని ఆయన తమ్ముడు ప్రభాకరం తన భార్య సుభాషిణి చెంప పగలగొట్టాడు. మాస్టారు ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. మర్నాడు సుభాషిణి తండ్రి వచ్చాడు.

"తలుపు తగిలిందండీ, మామయ్యగారూ. కొట్టానని అబద్ధమాడినట్టు మీ అమ్మాయి నలుగురిలో ఒప్పుకుంటేనే ఈ గడపలో చోటు," అన్నాడు ప్రభాకరం.

"ఒప్పేసుకోవే తల్లీ. కాపురం అన్నాక..." అన్నాడు తండ్రి.

"నువ్వూ నమ్మవా నాన్నా? బావగారు చూశారు. అడుగు."

అందరూ మాస్టారి వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "కంటికి కనబడిందల్లా నిజమని చెప్పలేం. గ్రీకులో దీన్ని అకటలెప్సియా అంటారు."

ఒళ్ళు మండిపోయింది నాకు! విప్పిన చేతిలో పుట్టినదాన్ని నేను. ఆ చెయ్యి ఎవరి చెంప మీదా పడలేదే! తీర్పు ఆపమన్నాను గాని సాక్ష్యం మింగమన్నానా?

వంటింటి గుమ్మంలోంచి మాస్టారి భార్య హైమవతి వచ్చింది. "ఏవండీ, పొద్దున్న కాఫీలో పంచదార తగ్గిందని గ్లాసు తోసేశారు. అది మాత్రం ఎలా పట్టుబడిందండీ?"

"అది వేరు, హైమా."

"వేరే లెండి. అది మీ నాలుక. ఇది ఆ పిల్ల చెంప."

"వదినా, మీరు లోపలికెళ్ళండి," అన్నాడు ప్రభాకరం.

"నువ్వుండవయ్యా. చూడకపోతే చూడలేదని చెప్పమను మీ అన్నయ్యని. గ్రీకెందుకు?"

మాస్టారు నోరు తెరిచాడు. నాకోసం వెతికాడు. నేను కదల్లేదు.

"కొట్టాడు," అన్నాడు నేల వైపు చూస్తూ. "చూశాను."

సుభాషిణి తండ్రి లేచాడు. "బట్టలు సర్దుకో అమ్మా," అన్నాడు. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది.

నన్ను ఖండించాలని పండితులు ఎన్ని గ్రంథాలు రాశారో! ఆ ఇంట్లో నా నోరు మూయించింది చెంచాడు పంచదార. ఓడినందుకు నాకు చింత లేదు. ఆ పెద్దమనిషికి చాటుగా నిలబడే పని తప్పింది, అది చాలు.

ఇప్పుడు ఆయన అలమరలో, దుమ్ముపట్టిన పుస్తకం అట్టల మధ్య ఉన్నాను. ఆయన నన్ను పలకడం లేదు. హైమవతి కాఫీ ఎలా ఇచ్చినా మారుమాటాడకుండా తాగేస్తున్నాడు.